నవోదయ సీటు వస్తే చాలా?

మా పాప బస్తర్ జిల్లా నవోదయ ప్రవేశ పరీక్ష నెగ్గిన రోజు శాఖలో స్వీట్లు పంచాను. "ఇక ఐఐటీ ఖాయం సార్" అన్నారు తోటివాళ్లు. పదేళ్ల పిల్లను హాస్టల్‌కు పంపాలంటే ఆ మాట నిజమేనా అని నాకు బెంగ పట్టుకుంది.

నవోదయ పిల్లలకు మంచి ర్యాంకులు వస్తాయి. కానీ వాళ్లు ఐదో తరగతిలోనే పరీక్ష పెట్టి ఏరుకున్న పిల్లలు. ఆ ర్యాంకులో బడి వాటా ఎంత? బోస్టన్, న్యూయార్క్‌లలో ఇలా పరీక్ష పెట్టి చేర్చుకునే బడులపై 2014లో ఒక అధ్యయనం వెలువడింది. కొద్ది మార్కుల తేడాతో సీటు దక్కినవారినీ, తప్పినవారినీ పోల్చి చూస్తే, తర్వాతి పరీక్షల్లో పెద్ద తేడా కనబడలేదు. అవి హాస్టల్ బడులు కావనుకోండి. పైగా అక్కడ సీటు తప్పినా ఊళ్లో ఇంకో మోస్తరు బడి ఉంటుంది.

బస్తర్ అడవి పల్లెలో ఆ ఇంకో బడి ఎక్కడ? నవోదయల్లో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకు ఉంచింది అందుకే. సైన్సు మాస్టారు, ల్యాబు, వేళకు భోజనం దొరికితే ఆ పిల్ల దారే మారిపోతుంది. జగదల్‌పూర్‌లో ఇవన్నీ అందుబాటులో ఉన్న మా పాపకు అంత లాభం లేదు.

బదిలీల కుటుంబాలు చూసుకోవాల్సింది ఇంకోటుంది. ఐఐటీ బడి పేరు అడగదు, ర్యాంకే చూస్తుంది. ఎన్‌ఐటీల్లో మాత్రం సగం సీట్లు సొంత రాష్ట్రం వారివి. పన్నెండో తరగతి ఎక్కడ పాసైతే అదే సొంత రాష్ట్రం. ఇక్కడైతే రాయ్‌పూర్, హైదరాబాద్‌లో అయితే వరంగల్.

పాప ఇంట్లోనే ఉంది. సీటు వదిలేశానని శాఖలో ఇంకా దెప్పుతూనే ఉన్నారు. తన పదో తరగతి అయ్యేలోగా నా బదిలీ ఎటో తేలాలి.