రిటైరయ్యాడు... మళ్లీ వచ్చాడు!

ఆటగాడు రిటైరైతే బ్యాటు అటక మీద పెట్టేస్తాడు. మరి పాటగాడు రిటైరైతే? గొంతుని ఎక్కడ పెడతాడు? అమెరికా ర్యాప్ గాయకుడు జే-జీకి ఈ ప్రశ్న మూడేళ్లు కూడా తిరక్కుండానే ఎదురైంది!

2003 నవంబరు 25. న్యూయార్క్‌లోని మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్ కిక్కిరిసిపోయింది. అది జే-జీ వీడ్కోలు కచేరీ. అప్పటికి పదకొండు రోజుల ముందే ‘ద బ్లాక్ ఆల్బమ్’ విడుదలైంది. ‘ఇక సెలవు’ అంటూ చేసిన ఆల్బమ్ అది. ఇంతా చేసి అతనికి అప్పటికి 34 ఏళ్లు కూడా నిండలేదు!

మనవాళ్లకి జే-జీ పేరు తెలియకపోయినా గొంతు తెలిసే ఉంటుంది. ‘ముండియా తో బచ్ కే’ పాట గుర్తుందిగా... పంజాబీ ఎంసీ చేసిన ఆ హుషారైన పాటకి 2003లో ఇంగ్లిష్ ర్యాప్ జోడించింది ఇతనే.

కాగితం లేని కవి

అసలు పేరు షాన్ కార్టర్. 1969 డిసెంబరు 4న పుట్టాడు. బ్రూక్లిన్‌లో పేదల కోసం ప్రభుత్వం కట్టించిన ‘మార్సీ హౌసెస్’ అతని ఊరూ వాడా అన్నీ. పదకొండేళ్ల వయసులో తండ్రి ఇల్లొదిలి వెళ్లిపోయాడు. నలుగురు పిల్లల్నీ తల్లి గ్లోరియానే పెంచింది. కుర్రతనంలో షాన్ వీధుల్లో మత్తుమందులు అమ్మాడు. మరోపక్క తాళానికి తగ్గట్టు ప్రాసలు అల్లేవాడు. చిత్రమేంటంటే అతను పాటల్ని కాగితం మీద పెట్టడు. అన్నీ మనసులోనే కట్టుకుని నేరుగా మైకు ముందు నిలబడతాడు.

సంగీత కంపెనీలేవీ తలుపు తీయకపోతే ఇద్దరు మిత్రులతో కలిసి ‘రాక్-ఎ-ఫెల్లా’ పేరుతో సొంత కంపెనీ పెట్టాడు. 1996లో తొలి ఆల్బమ్ ‘రీజనబుల్ డౌట్’ వచ్చింది. అక్కణ్నుంచి 2003 దాకా ఏడాదికొకటి చొప్పున ఎనిమిది ఆల్బమ్‌లు! అలసట రాదూ మరి!

పాట నుంచి కుర్చీకి

రిటైరయ్యాక ఖాళీగా కూర్చోలేదు. 2005లో ప్రఖ్యాత సంగీత సంస్థ ‘డెఫ్ జామ్’కి అధ్యక్షుడయ్యాడు. బార్బడోస్ నుంచి వచ్చిన రియానా అనే టీనేజీ అమ్మాయి పాట విని ఒప్పందం చేసుకున్నది ఆ రోజుల్లోనే. పాడటమైనా పూర్తిగా మానాడా అంటే అదీ లేదు. 2004లోనే రాక్ బృందం లింకిన్ పార్క్‌తో కలిసి పాడేశాడు. చివరికి అసలు కబురు రానే వచ్చింది. 2006 నవంబరు 21న కొత్త ఆల్బమ్ ‘కింగ్‌డమ్ కమ్’!

ఆ పేరు వెనకా ఓ కథుంది. అదే పేరుతో 1996లో ఓ కామిక్ వచ్చింది. లోకానికి దూరంగా వెళ్లిపోయిన సూపర్‌మ్యాన్ మళ్లీ తిరిగొచ్చే కథ అది!

అభిమానులు ఎగబడ్డారు. అమెరికాలో మొదటి వారమే సుమారు 6,80,000 కాపీలు అమ్ముడయ్యాయి. విమర్శకులు మాత్రం పెదవి విరిచారు. పాతవాడిలో ఉన్న ఆకలి ఈ కొత్తవాడిలో లేదన్నారు.

ఆ మాటలో నిజముంది. సినిమా గాయకుడు ఎవరో రాసిన పాట పాడతాడు. ర్యాపర్ అలా కాదు, తన బతుకుని తన మాటల్లోనే చెప్పాలి. వీధిలో ఉన్నప్పుడు వీధి కథ చెప్పాడు. మరి పెద్ద కంపెనీకి అధ్యక్షుడయ్యాక? ముప్ఫై ఆరేళ్ల కోటీశ్వరుడు కుర్రకారుకి ఏం చెప్పాలి? ఆల్బమ్‌లో చాలాచోట్ల సంపద గురించీ, ముప్ఫైల్లోనూ తాను కుర్రాడినేనన్న ధీమా గురించీ చెప్పుకున్నాడు. కానీ ‘లాస్ట్ వన్’ పాట అలాంటిది కాదు. అందులో పాత స్నేహితుడితో తెగిపోయిన బంధం ఉంది. తాను కొనిచ్చిన కారులోనే ప్రమాదానికి గురై చనిపోయిన మేనల్లుడి కోసం పడ్డ వేదన ఉంది. డబ్బు మాన్పలేని గాయం అది. తిరిగొచ్చినవాడు చెప్పాల్సిన కొత్త మాట అక్కడే దొరికింది.

ఆఖరి ర్యాంకు తనదే!

ఆ మరుసటేడాది హార్లెమ్ మాదకద్రవ్యాల వ్యాపారి కథతో తీసిన ‘అమెరికన్ గ్యాంగ్‌స్టర్’ సినిమా చూశాడు. పాత జ్ఞాపకాలన్నీ ముసురుకున్నాయి. అదే పేరుతో ఆల్బమ్ చేశాడు. ఈసారి విమర్శకులూ మెచ్చుకున్నారు. 2007 ముగిసేసరికి అధ్యక్ష పదవిని వదిలేశాడు. 2009లో ‘ద బ్లూప్రింట్ 3’తో అమెరికా చార్టుల్లో నంబర్‌వన్ అయిన అతని ఆల్బమ్‌ల సంఖ్య పదకొండుకి చేరింది. సోలో గాయకుల్లో అప్పటిదాకా ఎల్విస్ ప్రెస్లీ పేరిట ఉన్న పది ఆల్బమ్‌ల రికార్డు చెరిగిపోయింది. ఇక 2017లో, 47 ఏళ్ల వయసులో చేసిన ‘4:44’లో కుర్రాడినన్న ధీమా లేదు. భార్య బియాన్సేకి తాను చేసిన తప్పుని పాటలోనే ఒప్పుకుని క్షమాపణ కోరాడు. అదే ఏడాది అమెరికా ‘సాంగ్‌రైటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్’లో చోటు దక్కింది. ఆ గౌరవం అందుకున్న మొట్టమొదటి ర్యాపర్ అతనే.

మధ్యలో, 2013లో, జే-జీ తన ఆల్బమ్‌లకు తానే ర్యాంకులు ఇచ్చుకున్నాడు. సొంత కంపెనీతో మొదలుపెట్టిన ‘రీజనబుల్ డౌట్’కి మొదటి స్థానం. లక్షల కాపీలు అమ్ముడైన ‘కింగ్‌డమ్ కమ్’కి? అన్నిటికంటే చివరి స్థానం! పక్కనే ఓ చమత్కారం కూడా... విరామం తర్వాత ఆడిన మొదటి ఆట కదా, కాస్త మన్నించమని!