శత్రువు రాసిన జీవితకథ

ఓడిన వీరుడి గురించి గెలిచినవాడు రాసిందే మిగిలితే... అందులో నిజమెంత?

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో అలీజ్‌ సాంత్‌ రెన్‌ అని ఓ చిన్న ఊరు. పక్కనే కొండమీద దాదాపు ఏడు మీటర్ల విగ్రహం. పొడవాటి జుట్టు, కిందికి వేలాడే మీసాలు, కత్తిమీద ఆనించిన చేతులు. అతడే వెర్సింజెటోరిక్స్‌. నేటి ఫ్రాన్స్‌లో చాలాభాగాన్ని గాల్‌ అని పిలిచే రోజుల్లో, అక్కడి తెగల్ని ఏకం చేసి జూలియస్‌ సీజర్‌ని ఎదిరించిన యువనేత. 1865లో ఆ విగ్రహం పెట్టించింది చక్రవర్తి మూడో నెపోలియన్‌. ముఖంలో ఆయన పోలికలే కనిపిస్తాయంటారు!

మరి అసలు మనిషి ఎలా ఉండేవాడు? గాల్‌ ప్రజలు రాసిన చరిత్ర ఏదీ మనకు దొరకలేదు. ముఖ్య ఆధారం సీజర్‌ రాసుకున్న యుద్ధకథనమే. రాజు కావాలనుకున్నందుకు ఆ యువకుడి తండ్రిని సొంతవాళ్లే చంపారనీ, రోమన్లకు తిండిగింజలు దొరక్కుండా అతడు ఊళ్లు తగలబెట్టించాడనీ, క్రీ.పూ.52లో గెర్గోవియా దగ్గర రోమన్‌ సైన్యం దెబ్బతిందనీ చెప్పింది సీజరే. శత్రువు ఎంత గొప్పవాడైతే తన గెలుపు అంత గొప్పది కదా!

అదే ఏడాది అలేసియా కోటలో అతణ్ని చుట్టుముట్టాడు సీజర్‌. చివరికి లొంగిపోయాడని ముక్తసరిగా రాశాడు. గుర్రమెక్కి వచ్చి, సీజర్‌ చుట్టూ తిరిగి, ఆయుధాలు వదిలి అతడి పాదాల దగ్గర కూర్చున్నాడని వర్ణించింది ఒకటిన్నర శతాబ్దం తర్వాతివాడైన ప్లూటార్క్‌. క్రీ.పూ.46లో రోమ్‌ వీధుల్లో ఊరేగించి అతణ్ని చంపేశారు.

పుస్తకాలు సరే, మట్టి ఏమంటోంది? కోట చుట్టూ కందకాలు తవ్వించానన్నాడు సీజర్‌. లోపలివాళ్లు పారిపోకుండా సుమారు 16 కిలోమీటర్లు, బయటి నుంచి సాయం రాకుండా మరో 21 కిలోమీటర్లు. 1861-65లో మూడో నెపోలియన్‌ తవ్వకాలు చేయించినప్పుడు అవి బయటపడ్డాయి. 1991-97లో ఫ్రెంచి, జర్మన్‌ శాస్త్రవేత్తలు మళ్లీ తవ్వారు. కందకాలు నిజమే. కానీ అన్నిచోట్లా సీజర్‌ చెప్పిన కొలతల్లో లేవు. నేలవాలును బట్టి మారాయి.

వెర్సింజెటోరిక్స్‌ పేరున్న బంగారు నాణేలూ కొన్ని దొరికాయి. వాటిమీద మీసాల్లేని కుర్రవాడి తల. అది అతడిది కాదు, దేవుడిది కావచ్చన్నది చాలామంది నిపుణుల అభిప్రాయం.

అంటే, శత్రువు కలం నుంచి కాకుండా అతడి వైపునుంచి మనదాకా వచ్చింది నాణెంమీది ఆ పేరొక్కటే!