మీకు తెలుసా? ముక్కున వేలేసుకునే ముక్కు సంగతులు

◆ మిరపకాయ ముక్కుకు మందు కూడా. భూపాలపల్లి జిల్లా టేకుమట్ల, చిట్యాల వైపు మిరప కల్లంలో ఒక్క పూట కూర్చున్నవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు. తాలు ఏరేటప్పుడు, బస్తాలు తొక్కేటప్పుడు తుమ్ము మీద తుమ్ము, కారే ముక్కు, మండే కళ్ళు. దీనంతటికీ మూలం మిరపలోని కాప్సైసిన్. ముక్కు లోపలి నరాల కొసల్లో వేడిని పసిగట్టే గ్రాహకం ఒకటుంటుంది. కాప్సైసిన్ పోయి సరిగ్గా దాన్నే మీటుతుంది, అందుకే నిప్పు లేకుండానే మంట. ఆ గ్రాహకాన్ని 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది. 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అసలు ముచ్చట ఆ తర్వాతది. ఆ నరాన్ని పదే పదే మీటితే అలసిపోయి చాలాకాలం మొద్దుబారుతుంది. అలర్జీ పరీక్షల్లో ఏమీ తేలదు గానీ, చల్లగాలి తగిలినా అగరుబత్తి పొగ సోకినా ముక్కు ధారకట్టేవాళ్ళు కొందరుంటారు. అలాంటివాళ్ళకు బెల్జియం, నెదర్లాండ్స్ వైద్యులు కొలిచి కలిపిన కాప్సైసిన్ స్ప్రే వాడి చూశారు. ఒక పద్ధతిలో అయితే ఒకే రోజు గంటకోసారి ఐదుమార్లు కొడితే సరి, కొందరికి నెలల తరబడి హాయి. 2015లో కోక్రేన్ సంస్థ నాలుగు ప్రయోగాలను, వాటిలోని 302 మందినీ కలిపి సమీక్షించి, పనిచేస్తున్నట్టే ఉంది గానీ ఇంకా పెద్ద ప్రయోగాలు కావాలంది. ఇది చదివి కారప్పొడి ముక్కుకు పట్టించుకునేరు! అక్కడ ముందు మత్తుమందు వేశాకే స్ప్రే కొడతారు. కల్లంలో మాత్రం ముక్కుకు రుమాలు కట్టుకోవడమే మేలు.

◆ అమృతాంజనం రాస్తే ముక్కు తెరుచుకోదు. తెరుచుకున్నట్టు మనకు అనిపిస్తుంది, అంతే. మెంథాల్, అంటే పుదీనా పువ్వు, ముక్కులో చల్లదనాన్ని గుర్తించే మరో గ్రాహకాన్ని మీటుతుంది. ముక్కులోకి చల్లగాలి బాగా వస్తున్నట్టు మెదడుకు కబురు పోతుంది. గాలి ఎంత వస్తోందో పరికరంతో కొలిస్తే మాత్రం రాయకముందు ఎంతో తర్వాతా అంతే. బ్రిటన్‌లో కార్డిఫ్ పరిశోధకుడు రాన్ ఎకిల్స్ ఈ సంగతిని కొలిచి చూపించాడు. ఆ చల్లదనపు గ్రాహకం 2002లో దొరికింది. దాన్ని పట్టుకున్న రెండు బృందాల్లో ఒకటి మళ్ళీ జూలియస్‌దే.

ఈ భ్రమను సీసాల్లో పెట్టి ఇంటింటికీ చేర్చడంలో మనవాళ్ళు ఘనులు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ రాబడి అండతోనే ఆంధ్రపత్రిక నడిచింది. హైదరాబాదులో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో జిందా తిలిస్మాత్ తెచ్చారు. అందులో ఎక్కువ పాలు నీలగిరి తైలం, తోడుగా కర్పూరం, మెంథాల్ వగైరా. జలుబు చేస్తే మరిగే నీళ్ళలో రెండు చుక్కలేసి దుప్పటి కప్పుకోవడం తెలంగాణలో తెలియనిది ఎవరికి? భ్రమే అయినా రాత్రి నిద్ర పట్టిందంటే అది చిన్న లాభమేమీ కాదు, నేను తప్పుపట్టను. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. రెండేళ్ళలోపు పిల్లలకు కర్పూరం, మెంథాల్ రాయొద్దు. పిల్లల చేత గిన్నె ముందు ఆవిరి పట్టించొద్దు, మరిగే నీళ్ళు ఒలికితే జలుబు కంటే పెద్ద బాధ.

◆ మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ముక్కు చుక్కలు నిజంగానే ముక్కు తెరుస్తాయి. చిక్కంతా అక్కడే. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ అనే ఈ మందులు ఉబ్బిన రక్తనాళాలను నిమిషాల్లో ముడుచుకునేలా చేస్తాయి. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు వాడి ఆపేయాలి. సాగదీస్తే మందు దిగగానే ముక్కు మునుపటికంటే గట్టిగా బిగుస్తుంది, మళ్ళీ చుక్కలు, మళ్ళీ బిగింపు. దిండు కింద సీసా లేనిదే పడుకోలేనివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. పత్తి దుమ్ము, వయ్యారిభామ పుప్పొడి లాంటి అలర్జీలకు డాక్టర్లు రాసే ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ స్ప్రేల తీరు దీనికి పూర్తిగా తిరుగు. కొట్టగానే ఏమీ తెలియదు. రోజూ వాడితే పూర్తి గుణం కనిపించడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. రెండో రోజుకే పనిచేయలేదని పారేసేవాళ్ళే ఎక్కువ. కొట్టేటప్పుడు మొన ముక్కు మధ్య దూలం వైపు కాకుండా బయటి వైపుకు, చెవి దిక్కుకు ఉండాలి. దూలానికి తగిలేలా కొడితే నెత్తురు వస్తుంది.

◆ రెండు రంధ్రాలూ ఒకేలా పనిచేయవు. కొన్ని గంటలు ఒకటి ఎక్కువ తెరుచుకుంటే మరొకటి కాస్త బిగుస్తుంది, తర్వాత వంతు మారుతుంది. జర్మన్ వైద్యుడు రిచర్డ్ కైజర్ 1895లో దీన్ని వర్ణించాడు. సూర్యనాడి, చంద్రనాడి అంటూ మన యోగులు అంతకు చాలా ముందే లెక్కలు కట్టారు. ఇది జబ్బు కాదు. దూలం కొద్దిగా వంకర ఉండటమూ జబ్బు కాదు, నిట్టనిలువు దూలం ఉన్నవాళ్ళే తక్కువ. గాలి ఆడనంతగా అడ్డుపడితేనే ఆపరేషన్.

◆ ముక్కు చుట్టూ ఎముకల్లో నాలుగు జతల గాలి గదులున్నాయి. అన్నిటికంటే పెద్దవి బుగ్గల్లోవి, వాటికో విచిత్రమైన లోపం: బయటికి పోయే దారి అడుగున కాక పైన ఉంది. తూము అడుగున పెట్టకుండా కట్ట అంచున పెట్టిన చెరువును ఊహించుకోండి. అందులోని జిగురును కంటికి కనపడని నూగు వెంట్రుకలు రాత్రింబగళ్ళు పైకి తోస్తూ ఉంటాయి. జలుబుతో ఆ దారి వాచిందా, లోపల నీరు నిలుస్తుంది.

అయినా అప్పటికప్పుడు యాంటీబయాటిక్ అక్కర్లేదు. మామూలు జలుబుతో వచ్చే సైనస్ బాధ దాదాపు అంతా వైరస్ పనే. నూటికి ఇద్దరికి కూడా బ్యాక్టీరియా చేరదు. పది రోజులు దాటినా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ ముదిరినా, ఎక్కువ జ్వరంతో ముఖం ఒకవైపు బాగా నొప్పెట్టినా అప్పుడు డాక్టరు దగ్గరికి. ఊళ్ళో మూడో రోజుకే సూది పొడిపించుకునే అలవాటు నాకు మింగుడుపడదు.

ఇంకో మాట. 2004లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, తమది సైనస్ తలనొప్పే అనుకున్న సుమారు మూడు వేల మందిని పరీక్షిస్తే 88 శాతం మందిది మైగ్రేన్ తరహా నొప్పి అని తేలింది. వెలుతురు పడక, కడుపులో తిప్పుతూ, ముక్కు నుంచి చిక్కటి చీమిడి ఏమీ రాకుండా నెలనెలా తలనొప్పి వస్తుంటే ముక్కును వదిలేసి తల సంగతి చూపించుకోండి.

◆ ఒకప్పుడు సైనస్ ఆపరేషన్ అంటే పై పెదవి ఎత్తి, చిగురు పైన కోసి, బుగ్గ ఎముకకు రంధ్రం పెట్టడమే. న్యూయార్క్‌లో కాల్డ్‌వెల్ 1893లో, పారిస్‌లో లూక్ 1897లో ఎవరికి వారు చెప్పిన పద్ధతి అది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో మెసర్‌క్లింగర్ ఎండోస్కోపుతో ఆ నూగు వెంట్రుకల దారులను ఏళ్ళ తరబడి గమనించి, మూసుకున్న సహజ దారిని తెరిస్తే గది దానంతటదే బాగుపడుతుందని చూపాడు. ఇప్పుడు ముక్కులోంచే చేస్తారు, ముఖం మీద గాటు పడదు. ముక్కులో కండ పెరిగినా ముందు స్టెరాయిడ్ స్ప్రే, దానికి లొంగకపోతేనే ఈ ఆపరేషన్. కండ మళ్ళీ పెరిగే గుణం ఉన్నది కాబట్టి తర్వాతా స్ప్రే తప్పదు.

◆ ఉప్పునీళ్ళతో ముక్కు కడగడం, అదే జలనేతి, ఈనాటి ఈఎన్‌టీ వైద్యులు కూడా చెప్పేదే. పావు లీటరు నీళ్ళకు చిన్న చెంచాతో అర చెంచా ఉప్పు, చిటికెడు వంటసోడా. నీళ్ళు మాత్రం మరగకాచి చల్లార్చినవే అయి తీరాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో నల్లా నీళ్ళతో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడును తినే అమీబా సోకి చనిపోయారు. అదే నీళ్ళు తాగితే ఏమీ కాదు, ముక్కులోంచి పైకి ఎక్కితేనే ప్రాణాంతకం.

◆ చెరువులు, కుంటల్లో ఈత కొట్టేవాళ్ళ ముక్కులో ఎర్రగా, మీద తెల్లటి చుక్కలతో, తాకితే నెత్తురు కారే కండ ఒకటి పెరగొచ్చు. పేరు రైనోస్పోరిడియోసిస్. 1900లో అర్జెంటీనాలో గిల్లెర్మో సీబర్ మొదట వర్ణించినా, ప్రపంచంలో ఎక్కువ కేసులు భారత్, శ్రీలంకలవే. దాదాపు వందేళ్ళు దీన్ని బూజు అనుకున్నారు. కాదు, నీటిలోని జలచరాల్లో రోగాలు కలిగించే సూక్ష్మజీవుల కుటుంబానిదని 1999లో జన్యు పరీక్షలు తేల్చాయి. చికిత్స ఒక్కటే: కోసి, మొదలును కాల్చడం. మొదలు మిగిలితే మళ్ళీ వస్తుంది.

◆ అసలు బూజు జబ్బును 2021లో చూశాం. కోవిడ్ రెండో దఫాలో షుగరు అదుపు తప్పినవాళ్ళకు, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవాళ్ళకు సైనస్‌లలో బ్లాక్ ఫంగస్ పట్టింది. మే 20న తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పక తెలపాల్సిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాదు కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రి చికిత్సకు కేంద్రమైంది. చచ్చిన కణజాలాన్ని కోసి తీయడం, ఆంఫోటెరిసిన్-బి ఎక్కించడం, షుగరును దారిలో పెట్టడం, మూడూ కలిసి నడవాలి. కోవిడ్ తగ్గినా ఇది పోలేదు. షుగరు ఉన్నవాళ్ళకు ముఖం ఒక పక్క మొద్దుబారినా, ముక్కులో నల్లటి పొక్కు కట్టినా, చూపు రెండుగా కనిపించినా గంటలు కూడా లెక్కే.

◆ ఎండాకాలం పిల్లల ముక్కు నుంచి నెత్తురు వస్తే తల వెనక్కి వంచకండి, అంతా గొంతులోకి పోతుంది. కూర్చోబెట్టి, తల ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి. మధ్యలో తీసి చూడకూడదు.

◆ ముక్కులో కందిగింజ ఇరికించుకున్న పిల్లవాడికి తల్లే వైద్యురాలు కావచ్చు. గింజ లేని వైపు ముక్కును వేలితో మూసి, పిల్లవాడి నోటి మీద నోరు ఆనించి ఒక్కసారి గట్టిగా ఊదితే చాలాసార్లు గింజ బయటికి ఎగిరిపడుతుంది. 1965లో న్యూజెర్సీ వైద్యుడొకరు రాసిన ఈ చిట్కా పదిలో ఆరుసార్లు ఫలించిందని 2012లో ఒక సమీక్ష లెక్కగట్టింది. పుల్లతో, పిన్నీసుతో కెలికితే గింజ ఇంకా లోపలికి పోతుంది. ముక్కులో పడ్డది బొమ్మల్లో, రిమోట్లలో వాడే బిళ్ళ బ్యాటరీ అయితే ఇంట్లో ఏ ప్రయత్నమూ వద్దు. కొన్ని గంటల్లోనే దూలానికి రంధ్రం పడుతుంది, దొరికిన బండి ఎక్కి నేరుగా ఈఎన్‌టీ డాక్టరు ఉన్న ఆసుపత్రికి పోవాలి.