ఘాటు దిగే పాత జీపు: బ్రేకులు, కమాన్ కట్టలు మార్పించే ముందు

పాడేరు, అరకు ఘాట్లలో తిరిగేవాళ్ళకి పాత జీపు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. సంతరోజున పసుపు బస్తాలు, మిరియాలు, అనాసలు, వాటిమీద నలుగురు మనుషులు. ఎక్కేటప్పుడు మూలుగుతూనైనా ఎక్కేస్తుంది. కష్టమంతా దిగేటప్పుడే. అందుకే పాత జీపు వున్నవాళ్ళూ, జీపుకి వెనక తొట్టి కట్టించి పికప్పుగా వాడుకునేవాళ్ళూ బ్రేకులు మార్పిద్దామా, కమాన్లు బలం చేయిద్దామా అని మెకానిక్కుల చుట్టూ తిరుగుతుంటారు. మంచి ఆలోచనే. అయితే ఏది ముందు, ఏది వెనక అన్నది తెలియకపోతే డబ్బూ పోతుంది, బండి మునుపటికంటే ప్రమాదకరంగానూ తయారవుతుంది.

మన దేశంలో జీపు కథ 1947లో మొదలైంది. మహీంద్రా సంస్థ అమెరికాకు చెందిన విల్లీస్ జీపుల్ని బొంబాయిలో బిగించి అమ్మింది ఆ ఏడాదే. తర్వాత వచ్చిన సి.జె.3బి జీపు బానెట్టు ఎత్తుగా వుంటుంది. అది అందం కోసం పెట్టింది కాదు, లోపలి పొడుగు ఇంజను పట్టడానికి. ఆ బళ్ళకి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. పాత విల్లీస్ డ్రమ్ము 9 అంగుళాలు. పెట్రోలు ఇంజనుతో, మట్టిరోడ్డు మీద, నెమ్మదిగా పోయే కాలానికి అది చాలింది. ఇప్పుడు రోడ్లు తారువి. చాలా జీపుల్లో పెట్రోలు ఇంజను పోయి డీజిలు ఇంజను చేరింది. బరువు పెరిగింది, వేగం పెరిగింది. బ్రేకులు మాత్రం చాలా బళ్ళకి పాతవే.

ఒక కాగు నీళ్ళు మరిగేంత వేడి

బ్రేకు చేసే పని ఒకటే: బండి పరుగును వేడిగా మార్చడం. వేగం రెట్టింపైతే ఆపడానికి నాలుగు రెట్లు పని పడుతుంది. 20 కిలోమీటర్ల వేగంలో సునాయాసంగా ఆగిన బండి 40లో అలా ఆగదు. ఘాటులో అయితే వేగం లేకపోయినా వేడి తప్పదు. సరుకుతో కలిపి రెండు టన్నులు తూగే బండి 500 మీటర్ల ఎత్తు నుంచి దిగిందనుకోండి. ఆ దిగుడులో పుట్టే శక్తి 33 లీటర్ల చన్నీళ్ళని మరిగించడానికి సరిపోతుంది. అంటే పెళ్ళివంటకి పెట్టే ఓ మాదిరి కాగు. ఇందులో కొంత ఇంజను మింగుతుంది, కొంత గాలిలో, టైర్లలో పోతుంది. తక్కిందంతా ఆ నాలుగు డ్రమ్ముల్లోకే పోవాలి. గేరులో దింపితే ఇంజను వాటా పెరుగుతుంది. న్యూట్రల్లో దింపితే ఇంజను వాటా సున్నా.

డ్రమ్ము కాలితే రెండు తంటాలు. వేడికి డ్రమ్ము సాగి లైనింగుకి దూరమవుతుంది, పెడలు మరింత కిందికి పోతుంది. పైగా లైనింగు పట్టు తప్పుతుంది. ఇంతకంటే పెద్ద గండం బ్రేకు ఆయిలుది. డాట్ 3 రకం ఆయిలు కొత్తగా వున్నప్పుడు 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగదు. కానీ అది గాలిలోని చెమ్మని పీల్చుకునే గుణం కలది. చెమ్మ బాగా చేరాక 140 డిగ్రీలకే మరుగుతుందని లెక్క. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిలు నొక్కుకుపోదు గనక బ్రేకు పడుతోంది. ఆవిరి నొక్కుకుపోతుంది. కాలు నేలకి ఆనుతుంది, బండి ఆగదు. కాసేపు నిలబెట్టి చల్లారాక చూస్తే బ్రేకు మళ్ళీ మామూలే! బ్రేకులన్నీ బాగానే వున్నాయి, ఏం జరిగిందో అర్థం కాలేదు అని డ్రైవర్లు చెప్పే మాటల్లో కొన్నింటికి కారణం ఇదే. మన్యంలో మంచు, వాన ఎక్కువ. మిగతా చోట్ల ఆయిలు రెండేళ్ళకోసారి మార్చినా, ఇక్కడ ఏడాదికోసారి మార్చినా నష్టం లేదు.

ముందు వున్నది బాగుచేయించండి

కొత్త సామాను కొనేముందు వున్న సామాను సరిగా పనిచేస్తోందా చూడాలి. సగం జీపులకి ఇంతటితోనే పని అయిపోతుందని నా అభిప్రాయం. డ్రమ్ములు విప్పి లేతు మీద కోయించేటప్పుడు హద్దు చూసుకోవాలి. గరిష్ఠ కొలత చాలా డ్రమ్ముల మీదే పోతపోసి వుంటుంది. దాన్ని దాటి కోసిన డ్రమ్ము పలచబడి వేడిని మోయలేదు. చక్రాల దగ్గరి సిలిండర్ల రబ్బరు కప్పులు, మాస్టరు సిలిండరు కప్పులు కలిపి మార్చాలి. ఒక ఇరుసుకి రెండువైపులా ఒకే రకం లైనింగు వేయాలి. లేకపోతే బండి పక్కకి లాగుతుంది.

ఎవరూ చూడనిది రబ్బరు గొట్టం. పైకి నిగనిగలాడుతుంది, లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. కాలు నొక్కితే ఆయిలు దూరుతుంది, కాలు తీస్తే వెనక్కి రాదు. ఆ చక్రం బ్రేకు పట్టుకునే వుంటుంది. డ్రమ్ము కాలుతుంటే బేరింగు తప్పు అనుకుని బేరింగు మార్పించినవాళ్ళు లేకపోలేదు. బ్రేకు ఆయిలు తక్కువైందని ఇంజను ఆయిలు పోయడం మరో పొరపాటు. ఆ చుక్క పడితే రబ్బర్లన్నీ ఉబ్బి పాడవుతాయి.

డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్ముని నోటితో గానీ, గాలిగొట్టంతో గానీ ఊదవద్దు. పాతకాలపు లైనింగుల్లో ఆస్బెస్టాసు వుండేది. ఆ ధూళి ఊపిరితిత్తులకి చేసే చేటు చాలా ఏళ్ళకి బయటపడుతుంది. నీళ్ళు చల్లి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయాలి. షెడ్డులో పనిచేసే కుర్రాళ్ళకి ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

మార్పు ఏ వరసలో?

పాత జీపులో మాస్టరు సిలిండరుకి ఒకే గది. నాలుగు చక్రాల్లో ఎక్కడ ఒక గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ పోతాయి. రెండు గదుల సిలిండరు బిగిస్తే ముందు చక్రాలకి ఒక దారి, వెనక చక్రాలకి ఒక దారి. ఒకటి పోయినా రెండోది సగమో పావో ఆపుతుంది. నన్నడిగితే మొట్టమొదట చేయించవలసిన మార్పు ఇదే. చూడ్డానికి ఏ డాబూ వుండదు, అందుకే దీన్ని అడిగేవాళ్ళు తక్కువ.

రెండోది 9 అంగుళాల డ్రమ్ము స్థానంలో 11 అంగుళాలది. పెద్ద డ్రమ్ము ఎక్కువ వేడి మోస్తుంది, లైనింగు వెడల్పూ ఎక్కువ. మూడోది ముందు చక్రాలకి డిస్కు. డిస్కు గాలికి బయటే వుంటుంది గనక త్వరగా చల్లారుతుంది, వాగు దాటాక త్వరగా ఆరుతుంది. అయితే ఇక్కడే చాలామంది బోల్తాపడుతున్నారు. డ్రమ్ములో చెప్పు తిరిగే డ్రమ్ముకి తగిలి తనంతట తానే బిగుసుకుంటుంది. డిస్కుకి ఆ గుణం లేదు. కాలి బలమంతా మనమే ఇవ్వాలి. అందువల్ల డిస్కు వేస్తే బూస్టరు కూడా కావాలి. బూస్టరు పనిచేసేది ఇంజను గాలి పీల్చే బలంతో. పెట్రోలు ఇంజనులో అది ఊరికే దొరుకుతుంది. డీజిలు ఇంజనులో దొరకదు. దానికి వేరే వాక్యూం పంపు వుండాలి. చాలా బళ్ళలో అది ఆల్టర్నేటరు వెనకే వుంటుంది. పంపు లేకుండా బూస్టరు బిగించడమంటే తొండం లేని బోరింగు పాతించుకున్నట్టే.

ఇంకో ముఖ్యమైన సంగతి. డీజిలు కలిసొస్తుందని ఘాటులో ఇంజను ఆపి, న్యూట్రల్లో దింపే అలవాటు కొందరికి వుంది. పాత బ్రేకులకి బూస్టరు లేదు, కాబట్టి ఇంజను ఆగినా కాలి బలానికి బ్రేకు పడేది. బూస్టరు వున్న బండిలో ఇంజను ఆపితే రెండు మూడు నొక్కుళ్ళకి సరిపడా బలమే మిగులుతుంది. ఆపైన పెడలు రాయిలా బిగుస్తుంది. కొత్త బ్రేకు వేయించి, పాత అలవాటు మానకపోతే కొత్త బ్రేకే కొంప ముంచుతుంది.

డ్రమ్ముల కోసం చేసిన మాస్టరు సిలిండర్లలో కొన్నిటికి గొట్టాల్లో కాస్త ఒత్తిడిని నిలిపివుంచే వాల్వు వుంటుంది. దాన్నే డిస్కుకి కలిపితే బ్రేకు వదలకుండా రాపిడి పెడుతుంది. వెనక డ్రమ్ములకి పోయే ఒత్తిడి తగ్గించకపోతే ఖాళీ బండి వానలో వెనక చక్రాలు జారి అడ్డం తిరుగుతుంది.

చేతిబ్రేకు మాట మరవకూడదు. పాత జీపులో అది చక్రాల మీద పనిచేయదు. గేరుబాక్సు వెనక, ప్రొపెల్లరు షాఫ్టు మీద చిన్న డ్రమ్ముంటుంది. ఆయిలంతా కారిపోయినా ఇది పనిచేస్తుంది. వెనక ఇరుసు మార్పించినా దీన్ని పీకించకండి. అయితే వెనక ఒక చక్రం జాకీతో లేపినప్పుడు మాత్రం దీన్ని నమ్మరాదు. లేచిన చక్రం వెనక్కి తిరుగుతూ వుంటే నేలమీది చక్రం ముందుకి దొర్లిపోతుంది. రాళ్ళు పెట్టాల్సిందే.

కమాన్ కట్టలు

బరువు ఎక్కువ వేయడానికి వెనక రెండు పట్టీలు అదనంగా వేయించడం అందరూ చేసేదే. సరుకున్నప్పుడు బండి నిటారుగానే వుంటుంది. ఖాళీగా వున్నప్పుడే చిక్కు. బిగుసుకుపోయిన కట్ట గతుకుల్లో చక్రాన్ని ఎగరేస్తుంది. గాలిలో వున్న చక్రానికి ఎంత బ్రేకుంటే మాత్రం ఏం లాభం? వాలిపోయిన పట్టీని కొలిమిలో కాల్చి వంచడం కూడా చూస్తుంటాం. కాల్చి, సరిగ్గా నీరుపెట్టి మళ్ళీ పదును నింపకపోతే ఆ ఉక్కు స్ప్రింగుగా పనికిరాదు. నాలుగు నెలల్లో వాలుతుంది, లేదా విరుగుతుంది.

షాక్ అబ్జార్బరు బరువు మోయదు. కట్ట ఊగకుండా ఆపుతుంది, చక్రాన్ని నేలకి అంటిపెడుతుంది. కాబట్టి అది కూడా బ్రేకులో భాగమే. బండి మూల ఒకసారి గట్టిగా నొక్కి వదలండి. ఒక ఊపుతో నిలబడితే సరే. రెండు మూడు ఊపులు ఊగితే మార్చాలి.

ఎత్తు కోసం కమాన్లు లేపితే స్టీరింగు కడ్డీ వాలు మారుతుంది. గుంటలో పడ్డా, బ్రేకు నొక్కినా చక్రం తనంతట తాను పక్కకి తిరుగుతుంది. పైగా ఇరుసు వేలాడే దూరం పెరుగుతుంది గనక పాత బ్రేకు గొట్టం చాలదు. చాసిస్ కింద జాకీ పెట్టి బండి లేపి, చక్రాలు పూర్తిగా కిందికి జారినప్పుడు గొట్టం లాగుకుపోకుండా వుందో లేదో కళ్ళారా చూడాలి. యు-బోల్టులు కొత్తవే వేయాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించాలి. అవి వదులైతే మధ్య బోల్టు తెగి ఇరుసే పక్కకి జరుగుతుంది.

ఇక చట్టం. కంపెనీ ఇచ్చిన వివరాలకి, రిజిస్ట్రేషను పుస్తకానికి భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. సొంత బండికి 15 ఏళ్ళు నిండాక రిజిస్ట్రేషను అయిదేళ్ళకోసారి కొత్తచేయించాలి, అప్పుడు ఇన్‌స్పెక్టరు బండి చూస్తారు. సామాను కొన్నాక కాదు, కొనకముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి.

పని అయ్యాక గాలి తీయడం మాస్టరు సిలిండరుకి అతి దూరపు చక్రంతో మొదలుపెట్టాలి. అమెరికా పుస్తకాల్లో కుడి వెనక చక్రం అని వుంటుంది, అక్కడ స్టీరింగు ఎడమవైపు గనక. మనకి ఎడమ వెనక చక్రం మొదట, తర్వాత కుడి వెనక, ఎడమ ముందు, చివర కుడి ముందు. ఆపైన ఖాళీ మైదానంలో 20 వేగంలో నాలుగుసార్లు, 40లో నాలుగుసార్లు ఆపి చూడాలి. పక్కకి లాగకుండా వుంటే, నాలుగు డ్రమ్ములూ చేత్తో దగ్గరగా చూస్తే ఒకేలా వేడిగా వుంటే, అప్పుడు సగం బరువుతో ఘాటుకి తీసుకువెళ్ళవచ్చు.