ఒకే యంత్రము, రెండు వాహనములు

1955లో ఇంగ్లండునందలి అబింగ్డను కర్మాగారమునుండి వెలువడి యువజనుల మనస్సులను హరించిన ఎమ్.జి.ఎ. స్పోర్ట్సు కారునకును, వరంగల్లు వీథులలో దశాబ్దములపాటు పెండ్లివారిని, రోగులను, అధికారులను సమభావముతో మోసిన పాత పెట్రోలు అంబాసిడరునకును బాంధవ్యము గలదనిన చాలమంది విశ్వసింపరు. కాని బానెట్టు ఎత్తి చూచినవారికి, 1489 సి.సి.ల బి-సిరీస్ ఇంజనే రెండింటను కానవచ్చును. హిందుస్థాన్ మోటార్సువారు పశ్చిమ వంగమునందలి ఉత్తరపాడాలో 2014 వఱకు నిర్మించిన అంబాసిడరు, బ్రిటిషు మోరిస్ ఆక్స్‌ఫర్డునకు భారతీయరూపము. స్పోర్ట్సు కారునకు కార్బొరేటర్లు రెండు, దీనికి ఒకటి. అందు కంప్రెషను హెచ్చు, ఇందు తక్కువ. వేగమున భేదము ఇట్టివానివలన కలిగినదే గాని, పరిచర్యాక్రమము రెండింటికిని ఒక్కటే.

ఇంజను మిస్సయినంతనే కార్బొరేటరుపై చేయిచేసికొనుట అనేకుల అలవాటు, అది సరిగాదు. ముందు కవాటములు, పిదప నిప్పురవ్వ, కట్టకడపట పెట్రోలు: ఇదియే క్రమము. నాలుగు సిలిండర్లకు కవాటములెనిమిది. ఎనిమిదవది పూర్తిగా తెఱచుకొన్నప్పుడు ఒకటవదాని ట్యాపెట్టును, ఆరవది తెఱచుకొన్నప్పుడు మూడవదానిని, ఇట్లు రెండు సంఖ్యలును కలిసి తొమ్మిది యగునట్లు, సందు కొలుచు ఫీలరు గేజితో సరిచూడవలెను. సందు చాలనిచో కవాటము గట్టిగా మూసికొనక అంచు కాలిపోవును. మించినచో టకటకమను శబ్దము పుట్టును.

డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల సందు అంగుళములో వేయింట 15 వంతులును, ప్లగ్గుల సందు 25 వంతులును ఉండవలెను. పాయింట్ల సందు మారినచో టైమింగును మారును గావున, దీనిని సరిచేసిన తరువాతనే దానిని ముట్టవలెను.

ఇంజను బాగుగా వేడెక్కిన పిదప ఎస్.యు. కార్బొరేటరునందలి పిస్టనును మిల్లీమీటరుకంటె తక్కువగా పైకెత్తి చెవియొగ్గవలెను. వేగము పెరిగి అట్లే నిలిచినచో పెట్రోలు అధికము. ఇంజను ఆగిపోజూచినచో అల్పము. క్షణమాత్రము పెరిగి యథాస్థితికి వచ్చినచో మిశ్రమము సరియైనది. తదనుగుణముగా జెట్టుక్రింది నట్టును రవంత త్రిప్పిన చాలును.

నలుబది డిగ్రీలు దాటు మన వేసవి ఈ శీతలదేశపు యంత్రమునకు కఠినపరీక్ష. ఇందు కార్బొరేటరును, పొగ వెలువడు మానిఫోల్డును ఒకే ప్రక్కన నుండుటచే, ఎండలో ఆపిన బండియందు పెట్రోలు ఆవిరియై, మరల స్టార్టు చేయబోగా ఇంజను మొండికేయును. అప్పుడు పెట్రోలు పంపుపై తడిగుడ్డ చుట్టుట మన మెకానిక్కుల చిరకాలోపాయము. బోరునీటి లవణములు రేడియేటరు గొట్టములలో పేరుకొనును గనుక, వేసవికి ముందే దానిని కడిగించుటయు విధి.

నేటి కార్లలో ఈ పనులలో పెక్కింటిని కంప్యూటరే చేయుచున్నది, అది సౌకర్యమే. అయినను, గాలి, ఇంధనము, నిప్పు, కాలము అను నాల్గింటి పరస్పరాపేక్షను కంటితో చూచి, చెవితో విని, వ్రేళ్లతో సరిదిద్ది నేర్చుకొనుటకు ఇట్టి యంత్రమును మించిన గురువు అరుదు. 1959లో రీజనల్ ఇంజనీరింగు కళాశాల వెలసిన ఈ వరంగల్లు నగరమున విద్యార్థులకు కొఱతలేదు. ఈ హస్తవిద్య నెఱిగిన వృద్ధ మెకానిక్కులు మాత్రము నానాటికి తగ్గుచున్నారు. వారు పనిచేయుచుండగనే ఆ విద్యార్థులు వారిచెంత చేరి, ఫీలరు గేజిని చేతబట్టి నేర్చుకొనవలెనని నా హృదయపూర్వక వాంఛ.