నీటిలోని విషము - బొగ్గు నలుసుల సాక్ష్యము

జపాను దేశమున మినమాత అను సముద్రతీరపు పట్టణమున్నది. 1956వ సంవత్సరము మే నెలలో అచ్చటి వైద్యులు ఒక వింతవ్యాధిని గూర్చి ఆరోగ్యాధికారులకు తెలియజేసిరి. చేతులు వణకుట, చూపు కుంచించుకొనిపోవుట, మాట తడబడుట దాని లక్షణములు. పిల్లులు సైతము పిచ్చియెత్తినట్లు గంతులు వేసి చచ్చెను. చిస్సో అను రసాయన కర్మాగారము సముద్రములోనికి విడిచిన పాదరసము చేపలలో చేరి, వానిని తిన్నవారిని పట్టినదని ప్రభుత్వము ఒప్పుకొనుటకు 1968 వరకు పట్టినది. పాదరసము కలిసిన నీటికి రంగు లేదు, రుచి లేదు. చేపను చూచి ఎవరును చెప్పజాలరు.

అట్టి విషమును పసిగట్టుటకు నమ్మకమైన యంత్రములు నేడు లేకపోలేదు. మన దేశపు ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో పాదరసము లీటరునకు 0.001 మిల్లీగ్రాము మించరాదు. ఇంత స్వల్పమును కొలుచు యంత్రము ఖరీదైనది. దానికి శిక్షణ పొందినవారు కావలెను. నీటిని సీసాలలో పట్టి నగరమునకు పంపవలెను. ఈ దూరమును తగ్గించుటకు శాస్త్రజ్ఞులు బొగ్గు జాతికి చెందిన ఒక చిత్రమైన పదార్థమును ఆశ్రయించుచున్నారు. అవి కార్బన్ డాట్లు, వెలుగునిచ్చు నలుసులు.

ఇవి 2004లో అనుకొనకుండ దొరికినవి. అమెరికాలోని దక్షిణ కెరోలినా విశ్వవిద్యాలయమున అతిసూక్ష్మమైన కార్బన్ గొట్టములను శుద్ధిచేయుచుండగా, వేరుపడిన మలినములో కొన్ని నలుసులు వెలుగుట కనబడినది. 2006లో క్లెమ్సన్ విశ్వవిద్యాలయము వారు వానికి పైపూత కూర్చి వెలుగును హెచ్చించి, పేరు పెట్టిరి. ఒక్కొక్కటి సాధారణముగా 10 నానోమీటర్ల లోపు. నానోమీటరనగా మీటరులో నూరు కోట్లవ వంతు. వీనిని చేయుట మాత్రము వంటింటి పనికి మరీ దూరము కాదు. నిమ్మపండు పులుపునకు మూలమగు సిట్రిక్ ఆమ్లమును నత్రజని గల ఒక పదార్థముతో కలిపి, మూత బిగించిన పాత్రలో, నీటితో సహా, సుమారు 200 డిగ్రీల వేడిమిలో కొన్ని గంటలు ఉంచిన చాలును. వచ్చిన గోధుమరంగు ద్రవము అతినీలలోహిత దీపము క్రింద నీలముగా వెలుగును.

ఇందులో పాదరసము పడినచో ఏమగును? నలుసు అంచులనున్న ఆమ్లజని, నత్రజని సమూహములు పాదరసపు అయానును పట్టుకొనును. దీపకాంతిని గ్రహించి పైకెగసిన ఎలక్ట్రాను, వెలుగునిచ్చుచు దిగిరావలసినది, ఆ అయాను వైపునకు జారిపోవును. వెలుగు మందగించును. ఎంత మందగించినదో కొలిచి, ఎంత పాదరసమున్నదో లెక్కకట్టుదురు.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఈ వెలుగును ఆర్పునది పాదరస మొక్కటియే కాదు; ఇనుము కూడ ఆర్పును. కొన్ని బోరుబావుల నీరు బిందెలో నిలిచినపుడు ఎర్రని మడ్డి దిగుట గృహిణు లెరుగుదురు, అది ఇనుమే. దాని వలని హాని స్వల్పము, కాని పరీక్షలో అది పాదరసము వేషము వేయును. పైగా ఆకులు కుళ్లిన చెరువునీరు ఆ దీపము క్రింద తనంతట తానే కొంత నీలముగా మెరయును. ప్రయోగశాలలో శుద్ధజలముతో వచ్చిన అందమైన ఫలితమును చూచి విజయమనుకొనుట మాకు తొందరపాటుగా తోచును.

ఇనుమును ముందుగా వేరొక పదార్థముతో బంధించి, పరీక్ష నుండి తప్పించు ఉపాయమున్నది. రెండవ ఉపాయము మాకు ఎక్కువ నచ్చినది. నీలపు నలుసులతో పాటు, పాదరసమునకు లొంగక ఎర్రగా వెలుగు పదార్థమును గూడ కాగితమునకు పట్టింతురు. నీలము ఆరినకొలది కాగితము ఊదారంగు నుండి ఎరుపునకు తిరుగును. దీపము కొంత బలహీనమైనను రెండు రంగుల నిష్పత్తి అంతగా చెదరదు. వెలుగు తగ్గుటకంటె రంగు మారుట కంటికి తేలికగా తెలియును.

ఇక చేపల మాట. మినమాత చేపలలోనిది మిథైల్ పాదరసము. మాంసకృత్తులను గట్టిగా అంటియుండు ఆ రూపము ఈ నలుసులకు నేరుగా చిక్కదు. చేపమాంసమును ముందుగా రసాయనములతో కరగించి, పాదరసమును విడదీయవలెను. అది మరల ప్రయోగశాల పనియే. కావున నేటికి ఈ కాగితపు ముక్క, నూరు సీసాల నీటిలో ఏ పదింటిని ముందుగా పెద్ద యంత్రమునకు పంపవలెనో చెప్పుటకు పనికివచ్చును. రంగు మారని తొంబది సీసాలలో విషము లేదనుటకు మాత్రము, ఆ కాగితము ఎంత తక్కువ పాదరసమును గుర్తింపగలదో ముందే పరీక్షించి యుండవలెను.