ముక్కు బాగుచేస్తే మిషన్ మానేయొచ్చా?

నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీప్యాప్ మిషన్ కొనీ పెట్టుకోలేక మూలన పడేసినవాళ్ల చూపు ఇప్పుడు ఆపరేషన్ మీద పడింది. దానివల్ల ఒరిగేదెంత?

‘ముక్కు ఆపరేషన్ చేపిచ్చుకుంటే ఈ మిషన్ బాధ తప్పుతుందా సార్?’ సీప్యాప్‌తో విసిగిపోయినవాళ్లు ఈఎన్‌టీ డాక్టరు ముందు కూర్చోగానే అడిగే మాట ఇది. మిషన్ బాధ తగ్గొచ్చు. మిషన్ మాత్రం చాలామందికి తప్పదు.

గురక పెడుతుంటే ‘ఆదమరిచి నిద్రపోతున్నాడు’ అనుకోవడం మనకు అలవాటు. స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లలో ఆ గురక ఉన్నట్టుండి ఆగుతుంది. పది సెకన్లో, అంతకు మించో ఊపిరి ఆడదు. ఉలిక్కిపడినట్టు మళ్లీ మొదలవుతుంది. ఇలా గంటకు 30 సార్లు, ఆపైన జరిగితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు లెక్క. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలతో తెలుగువాళ్లను ఊపేసిన బప్పీలహిరి 2022 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు వైద్యులు చెప్పిన కారణాల్లో ఇదొకటి. రాత్రి నిద్ర చెడితే పగలు కునుకు పడుతుంది. మొగిలి ఘాట్‌లో లోడు లారీ దించే డ్రైవరుకైనా, తిరుమల కనుమదారిలో బస్సు నడిపేవారికైనా ఆ కునుకు ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

గొంతులో జబ్బు, ముక్కులో అడ్డు

నిద్రలో గొంతు కండరాలు సడలి దారి మూసుకుపోవడమే ఈ జబ్బు. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఆ దారిని తెరిచి ఉంచొచ్చని 1981లో లోకానికి చూపించారు. అదే సీప్యాప్. నీటిమట్టం లెక్కలో 4 నుంచి 20 సెంటీమీటర్ల వరకూ ఒత్తిడి పెట్టుకోవచ్చు.

గాలి వెళ్లాల్సిన ముక్కే మూసుకుపోయి ఉంటేనే చిక్కు. దూలం వంకర, లోపల పెరిగిన కండ, పాలిప్స్, వయ్యారిభామ పుప్పొడి లాంటివాటితో వచ్చే అలర్జీ... కారణం ఏదైనా ముక్కుతో పీల్చలేక నోరు తెరుస్తారు. మాస్కు ముక్కుకే ఉంటే గాలి నోట్లోంచి బుస్సుమని బయటికి పోతుంది. నాలుక పిడచకట్టుకుపోతుంది. ఏ అర్ధరాత్రో తెలియకుండానే చెయ్యి మాస్కు పీకేస్తుంది. తెల్లారి చూస్తే అది దిండు పక్కన ఉంటుంది. మిషన్ రికార్డులో మాత్రం రెండు గంటల వాడకమే.

ముక్కు సరిచేస్తే జబ్బే పోదా? కొబ్బరిబోండంలో పేపర్ స్ట్రా కొసకు లేత కొబ్బరి అడ్డుపడితే, గట్టిగా పీల్చినకొద్దీ స్ట్రా మధ్యలో నలిగిపోతుంది. అడ్డు తీస్తే పీల్చడం సులువే. కానీ నానిన స్ట్రా మెత్తదనం పోదు. ఆ మెత్తటి చోటే గొంతు. అందుకే ముక్కు ఆపరేషన్ ఒక్కటే చేయించుకున్నవాళ్లలో గురక, పగటి మత్తు తగ్గినా, ఊపిరి ఆగే లెక్క పెద్దగా మారదు.

లాభం ఎక్కడుంది?

లాభం మిషన్ వాడకంలో ఉంది. దీనిపై అంతకుముందు జరిగిన అధ్యయనాలు కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. ముక్కు ఆపరేషన్ తర్వాత 82 మందిలో అవసరమైన ఒత్తిడి సగటున 11.6 నుంచి 9.5 సెంటీమీటర్లకు దిగింది. మిషన్ రికార్డు దొరికిన 11 మందిలో వాడకం రాత్రికి 3 గంటల నుంచి ఐదున్నర గంటలకు పెరిగింది. పదకొండు మంది చిన్న లెక్కే. అయినా మూలనపడ్డ మిషన్ మళ్లీ మంచం దగ్గరికి చేరుతుందన్న ఆశకు అది ఆధారం. ఒత్తిడి తట్టుకోలేక మిషన్ మానేస్తున్నవారితో సర్జన్ సలహా గురించి మాట్లాడమని అమెరికా నిద్రవైద్య నిపుణుల సంఘం 2021లో వైద్యులకు సూచించింది.

కత్తికి ముందు

ఉప్పునీటితో ముక్కు కడగడం, డాక్టరు రాసిన స్ప్రే కొన్ని వారాలు మానకుండా వాడటం, గాలిని వెచ్చగా తేమగా పంపే హ్యూమిడిఫయర్ పెట్టుకోవడం, మాస్కు మార్చి చూడటం... చాలామందికి వీటితోనే పని జరుగుతుంది. అప్పటికీ ముక్కు తెరుచుకోకపోతే ఈఎన్‌టీ డాక్టరు ఎండోస్కోపీతో చూసి అడ్డు ఎక్కడుందో తేలుస్తారు. చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లు అందుకోసం దూరాభారం పోనక్కర్లేదు. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ గంట ప్రయాణం.

ఆపరేషన్‌కు ఒప్పుకుంటే ఆప్నియా ఉన్న సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. మిషన్‌ను ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి. ముక్కులో దూది తీసేదాకా రాత్రులు ఎలా గడపాలో, మాస్కు మళ్లీ ఎప్పుడు పెట్టుకోవాలో అడగండి. గాయం మానాక ఒత్తిడి మళ్లీ సరిచేయించుకోండి. ఊపిరి బాగా ఆడుతోంది కదా అని మిషన్ అమ్మేయకండి. మళ్లీ నిద్ర పరీక్ష జరిగి, డాక్టరు వద్దనేదాకా రోజూ పెట్టుకునే పడుకోండి.